గీత కదలని వాక్యం

మా ఆయనకి మాట పడిపోయిందని అందరూ జాలిపడతారు గానీ, అలక మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

పక్షవాతం వచ్చాక, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కన్నార్పడం, అంతే ఆయన సంభాషణ. డాక్టర్లు ఆయన మెదడులో చొక్కా గుండీ కన్నా చిన్న ఎలక్ట్రోడ్ల పలకలు అమర్చారు. పెదవి కదలకపోయినా ఆయన ఏదైనా పలకబోతే, ఆ సంకేతాలు నెత్తిమీది తీగ గుండా కంప్యూటర్‌కి చేరి తెరమీద గీతలై గెంతుతాయి. ఒక్కో ధ్వనినీ అలా నేర్చుకుని కంప్యూటరే ఆయన తరఫున మాట్లాడాలి.

"మీ ఇంట్లో రోజూ అనుకునే మాటలు చెప్పండి ఆంటీ, వాటితో నేర్పిద్దాం," అంది మా ఇంటికి వచ్చే ఇంజినీరమ్మాయి.

"ఫ్యాను వెయ్యి", "కళ్ళజోడేదీ" లాంటివి చెప్పి, మధ్యలో ఏమీ ఎరగనట్టు "తప్పు నాదే" కూడా ఇరికించాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ముక్క ఆయన నోట వినలేదు. కంప్యూటర్ చేతనైనా అనిపిద్దామని నా ఎత్తు.

మిగతావాటికి గీతలు గెంతాయి. దీనికి మాత్రం పడుకున్నాయి. "మళ్ళీ అనండి అంకుల్," అని ఎంత బతిమాలినా అంతే.

అమ్మాయి మొహం వాడిపోయింది. "ఎలక్ట్రోడ్లు ఉండుండి ఆగిపోతున్నట్టున్నాయి. ఇలాగైతే అంకుల్‌ని ఈ ప్రయోగం నుంచి తప్పించేస్తారు ఆంటీ."

వేళాకోళానికి పోయి మనిషి గొంతుకే ఎసరు పెట్టాను.

"పరికరం భేషుగ్గా ఉందమ్మా. ఆయనే అనడం లేదు."

"మీకెలా తెలుసు?"

"కాపురం చేస్తున్నానుగా."

అమ్మాయి ఆయన వైపు తిరిగింది. "కావాలనే ఊరుకున్నారా అంకుల్?"

ఆయన నన్నే చూస్తూ ఒక్కసారి కన్నార్పారు.

అమ్మాయి ఊపిరి పీల్చుకుని తెర ఖాళీ చేసింది. "పోనీ, మీకు తోచింది అనండి."

ఇన్నాళ్ళ తర్వాత మొదటి మాట. నా గురించే అయ్యుంటుందని జుట్టు సర్దుకున్నాను. నా గురించే.

"కూరలో ఉప్పు లేదు," అంది కంప్యూటర్.

"డాక్టరుగారు తగ్గించమన్నారు కదండీ."

"తగ్గించమన్నారు. మానెయ్యమనలేదు."

"మరి గిన్నె ఖాళీ చేసేవారుగా. నచ్చిందనుకున్నాను."

"నోట్లో కుక్కేది నువ్వేగా."

నా కంచంలో మాత్రం రోజూ ఉప్పు కలుపుకునే తిన్నాను. అమ్మాయి నవ్వాపుకోలేక కంప్యూటర్ వెనక్కి తల దించుకుంది.

గొంతు సవరించుకున్నాను.

"తప్పు నాదే."

గీతలు గెంతాయి.

"మళ్ళీ అను," అంది కంప్యూటర్.

అన్నాను.