ఖాళీ బెంచీకి ఒక చుక్క

లెక్కల మాస్టారు వస్తున్నాడంటే ముందు ఆయన గొంతు వచ్చేది, తర్వాత పొట్ట వచ్చేది, ఆ తర్వాతే మనిషి వచ్చేవాడు. ఆయన ఏ గదిలో పాఠం చెప్పినా అటూ ఇటూ ఉన్న గదులకు ఉచితంగా అందేది. "భిన్నాలు చెబుతున్నాను, ఇంత భిన్నంగా కూర్చోకండర్రా!" అని అరిస్తే పక్క గదిలో సైన్సు టీచరు కూడా సర్దుకుని కూర్చునేది. హారమంటే మెడలో వేసుకునేది కాదనీ, శేషమంటే పడగ విప్పేది కాదనీ ఆయన ఏటా చెప్పేవాడు. ఏటా పిల్లలు నవ్వేవారు. పిల్లలు నవ్వితే ఆయనకు కడుపు నిండేది. ఆ పొట్ట అలా పెరిగిందేనని తోటి టీచర్లు అనుకునేవారు.

ఆ ఏడు బడిలో చుక్కల పద్ధతి పెట్టారు. తిట్లు, గోడకుర్చీలు, గుమ్మం బయట నిలబెట్టడాలు ఇక ఉండకూడదు, పిల్లలు చేసిన మంచిని కనిపెట్టి మెచ్చుకోవాలి అని పెద్ద మేడమ్ మీటింగులో చెప్పింది. ప్రతి క్లాసు గోడకూ ఒక అట్ట. అట్ట మీద పిల్లల పేర్లు. రోజూ ఆఖరి పీరియడ్లో క్లాసు టీచరు పేరు పక్కన బంగారు రంగు చుక్క అంటించాలి, ఎందుకు అంటించారో పుస్తకంలో రాయాలి.

"ఇన్నాళ్లూ చుక్కలు చూపించాను. ఇక అంటిస్తాను" అన్నాడు మాస్టారు. మీటింగంతా నవ్వింది.

పద్ధతి మంచిదే. అది మాస్టారి చేతిలో పడింది.

ఏడో తరగతి బి సెక్షనుకు ఆయనే క్లాసు టీచరు. మూడో బెంచీలో కూర్చునే ఒక పిల్లకు బడి తెరిచిన మొదటి వారంలోనే ఆయన పేరు పెట్టాడు: రేడియో. ఆ పిల్లకు అన్నీ అనుమానాలే. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది సార్? సున్నాతో భాగించకూడదని ఎవరు చెప్పారు సార్, చెప్పినాయన ఒకసారైనా భాగించి చూశాడా? ఒకరోజు గంట కొట్టబోయే వేళకు ఆమె అయిదో అనుమానం అడిగింది. మాస్టారు గాల్లో గుండీ తిప్పినట్టు వేళ్లు తిప్పి, "ఒరేయ్, ఈ రేడియోకి స్విచ్చెక్కడుందిరా?" అన్నాడు. క్లాసు గొల్లుమంది. ఆ పిల్లా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని నవ్వింది. మర్నాటి నుంచి ఆమె నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీల్లోంచి "స్విచ్చాపండ్రా!" అని కేక. పది రోజులు తిరక్కుండా స్విచ్చు దానంతటదే ఆగిపోయింది.

మాస్టారు సంబరపడ్డాడు. "మాట్లాడలేదు. మంచి మార్పు" అని పుస్తకంలో రాసి చుక్క అంటించాడు. మర్నాడూ అంటించాడు. హాజరు పిలిస్తే చేయి మాత్రమే ఎత్తినందుకు ఒకటి, అనుమానం అడగనందుకు ఒకటి. అర్ధ సంవత్సరం అయ్యేసరికి బడి మొత్తంలో ఆ పిల్ల వరసంత పొడుగు వరస ఇంకొకటి లేదు. శుక్రవారం పొద్దున బడంతా కూడే సభలో "మార్పు తెచ్చుకున్న విద్యార్థి" ప్రైజు ఆమెకేనని మాస్టారు నిర్ణయించేశాడు.

గురువారం మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రి ప్రైజు కాగితం మీద సంతకం పెట్టడానికి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎంత తోమినా పోని గ్రీజు గోళ్లలో ఉంది. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"రండి, కూర్చోండి. ఊరందర్నీ పైకి పంపే మనిషి, మీరు నిలబడితే ఎలా?"

"అయ్యో, పంపినవాళ్లని కిందికీ దింపుతాం మాస్టారూ!" అని నవ్వుతూ ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. సంతకం పెట్టాక కాగితం వంక ఒకసారి మురిపెంగా చూసుకున్నాడు. "దాని నోటికి తాళం వెయ్యడం మీవల్లే అయింది. ఇంట్లో మేం ఎంత మొత్తుకున్నా అయింది కాదు. ఇప్పుడు ఇంట్లోనూ అంతే. పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. మొన్న చెప్పు తెగితే వారం రోజులు పిన్నీసు పెట్టుకు నడిచింది గానీ మాకు చెప్పలేదండీ! అంత బుద్ధిమంతురాలైంది."

"వారం రోజులా?"

"కాలు ఒరుసుకుపోయాక వాళ్లమ్మ చూసింది. తనకేదో బెంగ. 'పిల్ల ఇంట్లోనే ఉంది, మరి ఎక్కడికి పోయిందండీ' అంటుంది. అదేం మాటో! ఏమైనా మీ చలవ మాస్టారూ."

మాస్టారు నవ్వబోయాడు. నవ్వు రెండంతస్తుల మధ్య ఆగిన లిఫ్టులా గొంతులో ఎక్కడో నిలిచిపోయింది.

తండ్రి అటు వెళ్లాడో లేదో సలహాల మేడమ్ వచ్చింది. పిల్లల మనసు బాగోగులు చూడడానికి బడివాళ్లు పెట్టుకున్న మనిషి ఆవిడ. గురువారాల్లో మాత్రమే వచ్చి, లైబ్రరీ పక్క చిన్న గదిలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంటుంది. చేతిలో మాస్టారి చుక్కల పుస్తకం ఉంది.

"మాస్టారూ, ఒక లెక్క తేలడం లేదు."

"లెక్క తేలకపోతే నా దగ్గరికే రావాలి!"

"అందుకే వచ్చాను." పుస్తకం తెరిచి వేలు పెట్టింది. "పోయిన మంగళవారం ఆఖరి పీరియడు. మూడో బెంచీ పాపకి చుక్క. 'ప్రశాంతంగా కూర్చుంది' అని రాశారు."

"కూర్చుంది కదా మరి! ఆ పిల్ల ఎప్పుడూ ప్రశాంతమే. ప్రశాంతానికే పాఠం చెప్పగలదు."

"కూర్చుంది. లైబ్రరీలో కూర్చుంది. లోపల."

మాస్టారికి అర్థం కాలేదు. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఆ పిల్ల అన్నాల వేళ రోజూ ఆఖరి బీరువా వెనక కూర్చుంటుంది. మంగళవారం లైబ్రరీ ఆయన పన్ను పీకించుకోవడానికి తొందరగా తాళం వేసి వెళ్లిపోయాడు. ఆఖరి గంట కొట్టాక తిరిగొచ్చి తలుపు తీస్తే లోపల పిల్ల. భయపడి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇవాళ ఆవిడ ముందు కక్కేశాడు.

"మూడు పీరియడ్లు మాస్టారూ. తలుపు కొట్టలేదు. కేక వెయ్యలేదు. ఎందుకమ్మా అంటే నోటితో చెప్పలేదు, రాసిచ్చింది." ఆవిడ ఒక చిన్న కాగితం బల్ల మీద పెట్టింది. గుండ్రటి అక్షరాల్లో ఉంది: చప్పుడు చేస్తే చుక్క పోతుందని.

నోరున్నవాడిదే రాజ్యమంటారు. మాస్టారి రాజ్యం ఆ కాగితమంత అయిపోయింది. మంగళవారం ఆఖరి పీరియడు గుర్తుచేసుకోబోయాడు. అన్నీ గుర్తున్నాయి. త్రిభుజం మీద వేసిన జోకు, దానికి ఎవరు ముందు నవ్వారో, ఎవరు ఆలస్యంగా నవ్వారో కూడా. నవ్వని వాళ్లెవరో గుర్తులేదు. నలభై రెండు తలల్ని లెక్క చేయకుండానే లెక్క పూర్తి చేసిన మాస్టారు ఆయన. ఖాళీ బెంచీని చూసి, బుద్ధిగా ఉందని మెచ్చుకుని, చుక్క అంటించాడు!

"తాళం సంగతి పెద్ద మేడమ్‌కి నేను రాసిస్తాను. అది నా పని" అంది సలహాల మేడమ్. "చుక్క సంగతి మీది."

పెద్ద మేడమ్ అంతా విని నుదురు రుద్దుకుంది. "లైబ్రరీ విషయం నేను చూస్తాను, ఇంటికీ కబురు చేస్తాను. ప్రైజు మాత్రం ఆ పిల్లకొద్దు. ఇంకో పేరు రాసివ్వండి. కారణం ఎవరూ అడగరు. మీ చుక్కల పుస్తకం ఎవరు చదువుతారు చెప్పండి?"

మాట నిజమే. పేరు మారిస్తే చాలు. తండ్రికి ఏదో ఒకటి చెప్పొచ్చు. మాస్టారి ప్రాణం ఒక్క క్షణం ఆ సందులోంచి పారిపోవాలని చూసింది. ఆ క్షణం సంగతి తర్వాత చాన్నాళ్లు ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

"ఇంటికి కబురు నేనే చెబుతాను మేడమ్. రేపు పొద్దున సభకి తండ్రి వస్తాడు" అన్నాడు.

బయటికొచ్చి సలహాల మేడమ్‌ని పట్టుకున్నాడు. "సభలోనే చెప్పేస్తాను. మైకు ముందు, బడంతటి ఎదుట, తప్పు నాదే అని..."

"బాగుంది! ఆ పాప మీద మళ్లీ అందరి కళ్లూ పడేలా చేస్తారా? మీకు క్షమాపణ కూడా మైకులోనే కావాలా మాస్టారూ?"

ఆయన మైకు పట్టుకున్నట్టు ఎత్తిన చేయి దించుకున్నాడు.

"గదిలో చెప్పండి. వాళ్ల నాన్న ముందు చెప్పండి. ఒక్క జోకు లేకుండా."

ఆ ఆఖరి షరతే కష్టమైంది. ఇంటికి నడుస్తూ సాధన చేశాడు. 'చూడమ్మా, లెక్కల మాస్టారినై ఉండి ఒక తల తక్కువ...' వద్దు. బావుందనిపించగానే వదిలేశాడు. 'నీ నోటికి వేసిన తాళం...' అదీ వద్దు. ఏ వాక్యం ఎత్తుకున్నా చివర ఒక చమత్కారం తోక ఊపుతూ నిలబడేది. ముప్పై ఏళ్లుగా తన దగ్గర ఉన్నవన్నీ తోకలేనా, కింద జంతువు ఏదైనా ఉందా అని ఆయనకే అనుమానం వచ్చింది. పచారీ కొట్టు ముందు పలకరించినవాడికి తల మాత్రం ఊపి ముందుకు పోయాడు.

శుక్రవారం పొద్దున సలహాల మేడమ్ గదిలో తండ్రి, కూతురు కూర్చున్నారు. మేడమ్ తన గది తాళంచెవి మాస్టారికి ముందే ఇచ్చి వెళ్లింది, ఇవాళ ఆవిడకు వేరే బడి. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పిల్ల తల నున్నగా దువ్వి ఉంది. మైదానంలో వరసలు కడుతున్న పిల్లల గోల వినిపిస్తోంది. మాస్టారు కూర్చోలేదు.

"అమ్మా, నీకు రేడియో అని పేరు పెట్టింది నేను. అది తప్పు. సున్నా గురించి నువ్వడిగిన దానికి ఎలా చెప్పాలో నాకప్పుడు తోచలేదు. తోచక నిన్ను చూపించి అందర్నీ నవ్వించాను."

పిల్ల తల ఎత్తలేదు. తండ్రి అయోమయంగా చూశాడు.

"నువ్వు మాట్లాడ్డం మానేస్తే నాకు హాయిగా ఉంది. నాకు హాయిగా ఉంది కాబట్టి అదే నీకు మంచిదనుకున్నాను. చుక్కలిచ్చాను. మంగళవారం నువ్వు క్లాసులో లేకపోయినా ఇచ్చాను."

"లేకపోవడమేంటి మాస్టారూ?"

మాస్టారు చెప్పాడు. తాళం, మూడు పీరియడ్లు, చిన్న కాగితం, పుస్తకంలో తను రాసిన ముక్క. తండ్రి లేచి నిలబడ్డాడు.

"లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే మేం అయిదు నిమిషాల్లో పరిగెత్తుతాం తెలుసా? లోపల గంట కొట్టకపోయినా ఎవరున్నారని అరుస్తాం. నా కూతురు మధ్యాహ్నమంతా తాళం వెనక ఉంటే మీరు ప్రశాంతమని రాశారా?"

"రాశాను."

"నిన్న నాచేత సంతకం పెట్టించుకున్నారు. నేను మీకు దణ్ణం పెట్టినంత పని చేశాను."

"అవును."

మాస్టారి నోట అంత చిన్న మాటలు రావడం తండ్రికి కొత్త. ఆయన కూతురి వైపు తిరిగాడు. ఆమె తల ఎత్తి ఉంది. గొంతు సవరించుకుంది. వాడక బిగుసుకుపోయిన తలుపులా మాట కిర్రుమంటూ వచ్చింది.

"సార్, ఆరోజు నన్ను వెతికారా?"

'అందరం కంగారుపడ్డామమ్మా' అనే మాట నాలుక మీదికొచ్చింది. ఎంత మెత్తటి మాట! అంటే ఆ పిల్ల మొహం కాస్త తేలికపడేది. మాస్టారు మింగేశాడు.

"లేదమ్మా. నువ్వు లేవని కూడా చూడలేదు."

"నాకు తెలుసు సార్. లైబ్రరీ కిటికీలోంచి మన క్లాసు కనిపిస్తుంది." ఆమె అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది. "మీరు ఏదో చెబుతున్నారు. అందరూ నవ్వుతున్నారు. నా బ్యాగు నా బెంచీ మీదే ఉంది. ఎవరైనా దాన్ని చూస్తారేమోనని చూస్తూ నించున్నాను. చీకటి పడితే అప్పుడు అరుద్దామనుకున్నాను. దానికి చుక్క పోయినా పర్లేదని."

తండ్రి చేత్తో మొహం కప్పుకున్నాడు.

మైదానంలో మైకు గరగరలాడింది. "ఏడు బి ప్రైజు పేరు ఇంకా రాలేదు. లెక్కల మాస్టారు వేదిక దగ్గరికి రావాలి." పిల్లలు నవ్వారు. ఆయన పేరు వింటేనే నవ్వడం వాళ్లకు అలవాటు.

మాస్టారు కదల్లేదు. ఆ పిల్ల ఆయన మొహాన్ని పరీక్షగా చూసింది, నవ్వు ఏ మూలనైనా దాక్కుని ఉందేమోనని.

"మంగళవారం ఒక్కటే కాదు సార్" అంది.

మైకు రెండోసారి పిలిచింది. మాస్టారు వెళ్లి కిటికీ మూసి, ఖాళీగా ఉన్న కుర్చీని ఆ పిల్ల ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు.

"చెప్పమ్మా."