స్లాబ్ రోజున వచ్చిన బస్సు

ఇరాక్ ఓడిపోయి ఏడాదైంది. ముప్పై దేశాల సైన్యం అక్కడ తిష్ట వేసింది. సైన్యమంటే తుపాకులే కాదు. దానికి వండిపెట్టాలి, బట్టలు ఉతకాలి, పాయిఖానాలు కడగాలి. ఆ పనికి మనుషులు ఖతర్‌లో, దోహాలోని మా కూలీల క్యాంపులో దొరికారు. ఎనిమిది మంది. మొదటి పేరు లస్మయ్యది.

లస్మయ్యది జగిత్యాల పక్క ఊరు. మా సైటులో కాంక్రీటు మేస్త్రీ. మా అందరి పాస్‌పోర్టులూ కంపెనీ బీరువాలో ఉన్నాయి. ఇక మమ్మల్ని అడిగేదేముంది అనుకున్నారు కంపెనీవాళ్లు.

"డబుల్ జీతం. సంతకం పెట్టు," అన్నాడు క్యాంప్ బాస్ ఫయాజ్.

"ఏడికి?"

"పక్కనే లే. కిచెన్ డ్యూటీ."

"ఆ పక్కకు పేరు లేదా?"

ఫయాజ్ కాగితం ముందుకు తోశాడు. దాని మీద ఇరాక్ అని ఉంది.

లస్మయ్య పెళ్లానికి ఫోన్ చేశాడు. "ఇరాక్ పొమ్మంటున్నరే గంగామణీ."

"గదీ దుబాయ్‌లనే గదా?"

"కాదే. ఆడ బాంబులు పడుతున్నయ్."

"సంతకం పెడితే నా మీద ఒట్టే," అంది.

పెట్టలేదు. "మంగళవారం సైటుకే బస్సొస్తది. ఎక్కకపోతే ఉత్త చేతుల్తో ఇంటికి," అన్నాడు ఫయాజ్.

మంగళవారం అనగానే లస్మయ్య నవ్వాడు. ఆ రోజే అల్ ముంతజా సైటులో మేం స్లాబ్ పోయాలి. క్యాంప్ ఆఫీసుకు సైటు సంగతి పట్టదు. మనం ఏం కడుతున్నామో మన మీద పెత్తనం చేసేవాళ్లకు తెలియదు!

మంగళవారం పొద్దున బస్సొచ్చింది. ఎనిమిది మంది ఎక్కాలి. నలభై మందిమి ఎక్కాం. ఒకరి ఒళ్లో ఒకరం కూర్చున్నాం. భయం లేదా? ఉంది.

"ఎనిమిదే! మిగతావాళ్లు దిగండి!" ఫయాజ్ అరిచాడు.

"మాది ఒక్కటే మెస్సు ఫయాజ్ భాయ్," అన్నాడు లస్మయ్య. "పోతే అందరం పోతం. ఆ సైన్యానికి ఆకలి శానా ఉన్నదంట గదా."

డ్రైవర్ తిరుపాలు, కడప మనిషి, ఇంజిన్ ఆపి తాళం జేబులో వేసుకున్నాడు. "ఇంతమందితో బండి కదల్దు సామీ. ఫైను నాకే పడేది."

గేటు బయట అయిదు కాంక్రీటు లారీలు. డ్రమ్ములు ఊరికే తిరుగుతున్నాయి. గంటన్నర దాటితే లోపలి సరుకంతా రాయే. ఇంజనీరు ఆదిత్య హెల్మెట్ లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"లస్మయ్యా, దిగు! గట్టిపడిపోతోంది!"

"పడనీ సార్. మేం ఇరాక్ పోతున్నం. ఆపాల్నంటె ఆ ఎనిమిది పాస్‌పోర్టులు తెప్పియ్యి."

ఆదిత్య ఫయాజ్ మీద అరిచాడు. ఫోన్‌లో ఎవరిమీదో అరిచాడు. ఇద్దరు బాసులు మా కోసం కొట్టుకోవడం అప్పుడే చూశాను. అరగంటకు జీపులో ఎనిమిది పాస్‌పోర్టులొచ్చాయి. లస్మయ్య ఒక్కొక్క ఫొటో చూసి, ఎవరిది వాళ్ల చేతిలో పెట్టాడు. ఫయాజ్ దగ్గరున్న పేర్ల కాగితం ఆదిత్యతోనే చింపించాడు. అప్పుడు దిగాడు.

"యల్లా, ఇగ కాంక్రీటు పొయ్యుండ్రి!"

శుక్రవారం సెలవు రోజు, నజ్మా పేటలో చాయ్ హోటల్ ముందు పదహారు మంది మా కోసం నిలబడి ఉన్నారు. వేరే కంపెనీ వాళ్లు. వాళ్ల పేర్లూ ఇరాక్ కాగితంలో ఎక్కాయట. లస్మయ్య అందరికీ చాయ్ చెప్పి, బల్ల దగ్గరికి జరిగాడు.

"ముందుగాల ఇది చెప్పుండ్రి. మీ పని ఒక్క పూట ఆగితే, ఎవడు ఉరికొస్తడు?"