విసుర్రాయి అవతలి పక్క

రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి, చెయ్యి ఇంకా నెమ్మదిగానే కదులుతుంది. ఇది మా అమ్మ గ్రేసమ్మ చెప్పగా విన్న కథ.

నైజాం కాలంలో నారాయణఖేడ్‌లో కోడి కూయకముందే విసుర్రాళ్లు మోగేవి. చెన్నబసమ్మ ఇంటి రాయికి ఇటు ఆమె, అటు పొరుగింటి శివలీల. ఇద్దరూ ఒకే పిడి పట్టుకుని, కన్నడంలో పాట ఎత్తుకుని జొన్నలు విసిరేవారు. కొత్త పిండి వాసన వీధిదాకా వచ్చేది.

ఒకనాడు చేను గట్టు తగాదాలో శివలీల పెనిమిటి కల్లప్ప, చెన్నబసమ్మ పెనిమిటిని గొడ్డలితో నరికి చంపాడు. అప్పటినుంచి చెన్నబసమ్మ రాయిని ఒంటరిగా తిప్పింది.

కల్లప్పకు ఉరిశిక్ష పడింది. చనిపోయినవాడి మనుషులు వద్దంటే సర్కారు శిక్ష తగ్గించవచ్చునని వకీలు కబురు పంపాడు.

మరిది సిద్ధలింగప్ప మండిపడ్డాడు. "మా అన్న లేచొస్తడా? ఉరి పడాలె వదినా. లేకుంటే రేపు ప్రతోడు గొడ్డలి పడ్తడు."

ఆ ఇంట్లో కూలికి వెళ్లే మా అమ్మ గ్రేసమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతూ అంది. "పానం ఇచ్చినోడే తీస్కోవాలని మా పాద్రి చెప్తడు పటేలా."

"నీ పాద్రి అన్నను గిట్ల నరికితే అప్పుడు చెప్పమను."

"అప్పుడైతే నేను గూడ ఉరే అంటనేమో. గందుకే ఇప్పుడే చెప్తున్న."

చెన్నబసమ్మ తల ఎత్తింది. "ఉరి ఎవరు తీస్తరు సిద్ధా?"

"జైల్ల మనిషుంటడు. జీతం ఇస్తరు."

"ఆ దినం వాడు ఇంటికొచ్చి రొట్టె తింటడా?"

"తినక? గదేం మాట వదినా!"

"వాని పెండ్లాం పిండి విసరాలె గదా."

ఆమె కళ్లముందు కల్లప్ప లేడు. ఎవరో తెలియని ఆడమనిషి రాయి తిప్పుతూ కనిపించింది. తను ఉరే అంటే ఆ పిండిలో తన మాట కూడా కలుస్తుందని ఆమెకు తోచింది.

వకీలు వచ్చినప్పుడు వేలిముద్ర వేసింది. "మాఫ్ చేస్తలేను. సచ్చేదాక జైల్లనే ఉంచుండ్రి. ఉరి మాత్రం నా పేరు మీద వద్దు."

సిద్ధలింగప్ప చాలా కాలం ఆమెతో మాట్లాడలేదు.

ఉరి తప్పిందని తెలిసిన మర్నాడు తెల్లవారకముందే, శివలీల జొన్నల చాట పట్టుకుని గడప దగ్గర నిలబడింది. చెన్నబసమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. పిడి మీద చెయ్యి కొంచెం పైకి జరిపింది.

రాయి మళ్లీ ఇద్దరి చేతుల మీద తిరిగింది కానీ, ఆ పాట మళ్లీ వినలేదని అమ్మ అనేది. అమ్మకు ఆ పాట వచ్చు. సగం దాకా పాడి ఆపేది.

లిదియా, డెబ్బయి మూడేళ్లు. ఇప్పుడు కల్హేర్‌లో ఉంటున్నాను.