నెట్ ఆపమని బొట్టు పెట్టి

మా అమ్మాయి లక్ష్మీప్రసన్న ముఖం ఫోన్ తెరమీద నోరు సగం తెరిచి ఆగిపోయింది. పక్క గదిలోంచి ఆమె గొంతు మాత్రం వస్తూనే ఉంది.

"నాన్నా, వినపడుతోందా? నేను కదులుతున్నానా?"

"గోడ అవతలి నుంచి వినపడుతోంది. ఫోన్‌లో కాదు" అన్నాను.

మర్నాడు పదకొండు గంటలకు ఆమెకు వీడియోలో ఇంటర్వ్యూ. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే కంపెనీలో, తయారైన సరుకు నాణ్యత పరీక్షించే ఉద్యోగం. ప్రశ్నలు అడిగేవాళ్లు పుణెలో ఉంటారు. వేసవిలో ఒకసారి పిలిచారు. ఆ రోజు మేమిద్దరం ఆసుపత్రిలో ఉన్నాం, మా ఆవిడ నాగేశ్వరి మంచం పక్కన. సంగతి తెలిసి కంపెనీవాళ్లు మర్యాదగా మరో అవకాశం ఇచ్చారు. ఇక ఇంకోటి ఉండదని కూడా మర్యాదగానే చెప్పారు.

మా ఇంట్లో ఉన్నది సిమ్ కార్డు వేసే రౌటర్. సెల్ టవర్ నుంచి సిగ్నల్ అందుకుని ఇంట్లో ఫోన్లకు వైఫై ఇస్తుంది. దాన్ని కొన్నదీ, నడిపిందీ నాగేశ్వరే. బడిలో పాఠాలు చెప్పి వచ్చి ఫోన్ చూసుకోవడమే తప్ప అదెలా పనిచేస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

ఎదురింటి యాదగిరిని పిలిచాను. అతను మా పటాన్‌చెరులోనే మందుల ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఏ మిషన్ మొరాయించినా ముందు ఆపి, చల్లారనిచ్చి, ఒకసారి తట్టి మళ్లీ వేయాలన్నది అతని పద్ధతి. స్క్రూడ్రైవర్ కూడా తెచ్చుకున్నాడు.

"రౌటర్ యాడున్నది సారూ?"

"బీరువాలో."

"బంగారం లెక్క దాసినవా?"

దాచలేదు. నాగేశ్వరి పోయాక ఆమె వస్తువులు బీరువాలో సర్దాను. వంటింటి కిటికీలో ఆమె కళ్లజోడు, చిన్న రేడియో, ఈ రౌటర్ ఉండేవి. ఆ మూడూ తీసి చీరల పక్కన పెట్టాను. కిటికీ ఖాళీగా ఉంటే చూడటం తేలిక అనుకున్నాను. రౌటర్ తీగ మాత్రం సందులోంచి బయటికి లాగి తలుపు వేశాను.

ఇదంతా యాదగిరికి చెప్పలేదు. "దుమ్ము పడుతుందని" అన్నాను.

"ఇనుప బీరువల పెట్టి తలుపేస్తే సిగ్నల్ ఎట్లొస్తది సారూ? ఊపిరాడక మనిషే సస్తడు..." అని చటుక్కున ఆగాడు. బీరువా వంక చూసి, తల వంచుకుని, స్క్రూడ్రైవర్‌ను జేబులో పెట్టుకున్నాడు.

రౌటర్‌ను తీసుకెళ్లి వంటింటి కిటికీలో పాత చోటనే పెట్టాం. అక్కడి నుంచి హైవే వైపు టవర్ కనిపిస్తుంది. యాదగిరి దాన్ని ఆపి, చల్లారనిచ్చి, తట్టి, మళ్లీ వేశాడు. ఫలితం కనిపించింది. తెరమీద ప్రసన్న నోరు మూసుకుంది. కాసేపు బాగానే మాట్లాడి, ఈసారి కళ్లు మూసుకుని ఆగిపోయింది.

ప్రసన్న తన ఫోన్‌లో రౌటర్ వివరాలు తెరిచింది. "నాన్నా, మనకు ఫోన్లు రెండే కదా? దీనికి చాలా తగులుకుని ఉన్నాయి. యాదగిరి హాల్ టీవీ అంట. ఎవరిది?"

యాదగిరి రౌటర్‌ను తట్టడం ఆపాడు.

"అదీ... అమ్మనే పాస్‌వర్డ్ ఇచ్చింది సారూ. మా పుష్పనడుగు" అని కిటికీలోంచి భార్యను కేకేశాడు.

పుష్పమ్మ పిండి చేతులతో వచ్చింది. ఆమె ముఖంలో ఏ సంకోచమూ లేదు. "అవ్, ఇచ్చింది. నాకొక్కదానికేనా? గల్లీ అంతటికి ఇచ్చింది. పెరుగు తోడుకు అడిగితే ఇయ్యరా, గట్ల ఇచ్చింది."

ప్రసన్న నా వైపు చూసింది. "పాస్‌వర్డ్ మార్చేయనా నాన్నా? ఒక్క నిమిషం పని."

యాదగిరి కిటికీలోంచి టవర్ వైపు చూశాడు. పుష్పమ్మ చేతికున్న పిండి రాల్చుకుంది.

"వద్దు. మీ అమ్మ ఇచ్చింది" అన్నాను.

"మరి రేపు?"

"రేపొక గంట గల్లీ అంత నెట్ బంద్ చేస్తం. గంతే గద, గీ మాత్రానికి పరేషానెందుకు బిడ్డా?" అంది పుష్పమ్మ.

ఇంటింటికీ వెళ్లి నేను చెప్పి వస్తానన్నాను.

"ఉత్తగ చెప్తే ఎవ్వలింటరు సారూ? మొన్న నల్లా రాదని మొత్తుకున్న, ఒక్కలన్న బిందెలు నింపుకున్నరా? బొట్టు పెట్టి చెప్తే మాట మీద నిలవడ్తరు."

"మా ఇంట్లో ఏడాది తిరగలేదమ్మా. బొట్టు పెట్టి పిలవకూడదు."

"నీ ఇంటి కుంకుమ కాదు, నా ఇంటిది. నేను చెప్పుకుంట, నువ్వు గమ్మునుండు."

ఆ సాయంత్రమే ఆమె కుంకుమ భరిణె పట్టుకుని గల్లీ అంతా తిరిగింది. పెళ్లికి పిలిచినట్టు గడప గడపకూ ఆగి, నుదుట బొట్టు పెట్టి, రేపు పదకొండింటికి సారు బిడ్డ ఇంటర్వ్యూ, నెట్ ఆపాలని చెప్పి వచ్చింది. అందరూ సరేనన్నారట.

మర్నాడు ప్రసన్న వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. వెనక నాగేశ్వరి పోపుల డబ్బాలు వరసగా ఉన్నాయి. తెరమీద ముగ్గురు పెద్దమనుషులు, గోడకున్న గడియారంతో సహా స్పష్టంగా కనిపించారు. నేను బడికి సెలవు పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాను. గల్లీలో ఒక్క టీవీ శబ్దం కూడా లేదు. యాదగిరితో కలిసి ముందే వచ్చిన పుష్పమ్మ నా వైపు గర్వంగా చూసింది.

అప్పుడు గేటు చప్పుడైంది.

గల్లీ చివరింటి ముత్యమ్మ పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని లోపలికి వచ్చింది. "ఆలస్యమైందా సారూ?"

"దేనికమ్మా?"

"ఏమో మరి. బొట్టు పెట్టి పిలిచిన్రు గద."

ఆమె వెనక మరో పట్టుచీర. ఆ వెనక ఇంకొకటి. బడికి పోని పిల్లలు, చంటిపిల్లలు, ఒక అల్లుడు. హాలు నిండింది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. గడప దాటిన ప్రతి ఫోనూ మా ఇంటి నెట్‌ను పాత చుట్టాన్ని చూసినట్టు పలకరించింది. వంటింట్లో పుణె పెద్దమనిషి ఒకాయన వేలు పైకెత్తి అలాగే ఆగిపోయాడు.

ప్రసన్న వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె కళ్లలో అలాంటి చూపు ఆసుపత్రిలో ఒకసారి చూశాను.

పుష్పమ్మ గొంతు తగ్గించి అరిచింది. "నెట్ బంద్ చెయ్యమన్న గాని రమ్మన్ననా ముత్యమ్మా?"

"బొట్టు పెట్టినంక రాకుంటె మర్యాదనా? నా ఇంట్ల టీవీ బంద్ చేసే వచ్చిన. ఇగ ఫోనంటవా, దాన్నేం చెయ్యాల్నో నాకేమెర్క?"

యాదగిరి ఒక్కో ఫోన్ తీసుకుని ఆపబోయాడు. ఒకదాని లాక్ తీయాలంటే వేలు పెట్టాలి, ఆ వేలు గల మనవడు బడిలో ఉన్నాడు. ఇంకోదానికి గీత గీయాలి, ఆ గీత పక్కవాళ్లు చూస్తుండగా గీయనంది దాని యజమానురాలు. అల్లుడు తన ఫోన్ ఇవ్వనే ఇవ్వలేదు, మర్యాద చూసి ఎవరూ అడగలేదు.

యాదగిరి నా చెవి దగ్గరికి వచ్చాడు. "సారూ... బీరువ."

నాకు అర్థమైంది. ఇనుప బీరువాలో రౌటర్‌కు అందని సిగ్నల్ ఫోన్లకూ అందదు.

పడకగదిలోకి వెళ్లి తలుపు తీశాను. నాగేశ్వరి చీరలు ఆమె మడతల్లోనే ఉన్నాయి. ఆడవాళ్లు నా వెనకే వచ్చారు. ముత్యమ్మ ముందుకొచ్చి, కళ్లజోడును జరగకుండా చూసి, తన ఫోన్‌ను ఒక ఆకుపచ్చ చీర మీద పెట్టింది. తర్వాత అందరూ ఒక్కొక్కరే పెట్టారు. చివరికి అల్లుడు కూడా.

తలుపు వేశాను.

పుణె పెద్దమనిషి ఎత్తిన వేలు దించాడు.

హాల్లో అంతమందీ చాప మీద కూర్చుని, చేతుల్లో ఏమీ లేక ఒకరినొకరు చూసుకున్నారు. ఏదైనా సమస్యకు మూలం ఎలా కనిపెట్టారో ఒక ఉదాహరణ చెప్పమని వంటింట్లో ప్రశ్న వచ్చింది. ప్రసన్న మా రౌటర్ సంగతే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. బీరువా గురించి చెప్పింది, టీవీ గురించి చెప్పింది. 'మై మదర్' అన్నప్పుడు ముత్యమ్మ పక్కామె చెయ్యి నొక్కింది. బొట్టు దగ్గరికి వచ్చేసరికి పుణెలో ముగ్గురూ నవ్వారు. వాళ్లెందుకు నవ్వారో తెలియకపోయినా హాల్లోవాళ్లూ నవ్వారు. ఆ చప్పుడు విని పెద్దమనుషులు ఇంకా నవ్వారు.

సోమవారం సుల్తాన్‌పూర్ వచ్చి ప్లాంటు చూసి, మేనేజరును కలవమన్నారు. ప్రసన్న వచ్చి ఆ మాట చెప్పింది. అది మంచిదో చెడ్డదో తెలియక అందరూ నా ముఖం చూశారు.

"మంచిదే" అన్నాను.

అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. బొట్టుతో పిలిచిన ఇంటి నుంచి ముత్తయిదువలను ఒట్టి చేతులతో పంపరు. తాంబూలానికి ఇంట్లో ఒక్క అరటిపండు లేదు. ఆ సంగతే ముత్యమ్మతో మెల్లగా చెప్పాను.

"ఇగ నువ్విచ్చేదేంది సారూ? అమ్మ ఎప్పుడో ఇచ్చింది. ఫోన్లియ్యి, పోతం."

బీరువా తెరిచాను. చీరల మధ్య నుంచి ఫోన్లన్నీ ఒక్కసారిగా టింగుమన్నాయి.

వాళ్లు వెళ్లాక రేడియో, కళ్లజోడు తీసుకెళ్లి వంటింటి కిటికీలో రౌటర్ పక్కన పెట్టాను. ప్రసన్న చూసింది. టీ పెట్టడానికి పొయ్యి వెలిగించింది.

గేటు దగ్గర నుంచి ముత్యమ్మ గొంతు వినిపించింది.

"సారూ, నెట్ జెర స్లో అయింది. ఓసారి సూడు!"