రెండో కాగితం

తీరని విషాదం అన్నది వద్దు, అరిగిపోయిన మాట, మొన్న వంతెన కూలినప్పుడే వాడేశాం, అని తాను మంగళవారం కొట్టేసిన చోటే, ఈ గురువారం మధ్యాహ్నం, గోడమీది టీవీలో దేశాన్నేలే పెద్దాయన సంతాపం చదువుతూ సరిగ్గా ఆగాడు, ఒకటి, రెండు, అక్కడ ఆగాలని అంచున పెన్సిల్‌తో రాసిందీ తానే, శభాష్, కళ్ళద్దాలు కూడా తీశాడు, అది మాత్రం రాయలేదు, ఆయన సొంత తెలివి, అనుకుంటూ దేశభద్రతా సమాచార సలహాదారు చల్లారిన టీ ఒక గుక్క మింగాడు, మింగాక గుర్తొచ్చింది, బావ పోయాడు, కొండమీది ప్రసార కేంద్రంలో సాయుధులు పట్టుకున్న ఆరుగురు సిబ్బందిలో అక్క మొగుడూ ఒకడు, తెల్లవారుజామున సైనికులు లోపలికి దూకారు, ఆరుగురూ పోయారు, మరి తాను చూస్తున్నదేమిటి, ఆగడం బాగా కుదిరిందా లేదా అని, ఛీ, ఇదేం బతుకురా.

బతుకంతా ఇదే కదా, పత్రికలో తప్పులు దిద్దే బల్ల నుంచి మంత్రుల ఉపన్యాసాలకు, అక్కణ్ణుంచి ఈ కిటికీ లేని గదికి, పంతొమ్మిదేళ్ళు, పాము చావకూడదు కర్ర విరగకూడదు అన్నట్టు రాసి రాసి మెట్లెక్కాడు, ఏ పనికైనా ముందే రెండు కాగితాలు సిద్ధంగా ఉండాలోయ్, గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి, అని నేర్పినవాడు పాత సలహాదారు, చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, మనం మాత్రం బతికుండగానే కొలత తీసుకోవాలి, అని పకపకా నవ్వేవాడు ముసలాయన, తానూ నవ్వేవాడు, అప్పట్లో నవ్వడం కూడా ఉద్యోగమే, గెలుపు కాగితం ఎవడైనా రాస్తాడు, పనితనమంతా రెండోదాంట్లోనే, మంగళవారం ఆ రెండోది ఎంతకీ కదల్లేదు, అప్పుడు గుర్తొచ్చాడు బావ, భోజనానికి పిలిస్తే గుమ్మంలోనే ఆగిపోయి, కాలింగ్ బెల్ మోగట్లేదని స్టూలెక్కి స్క్రూలు విప్పుతూ, ఊడిన తీగ చూస్తే ఊరుకోలేనయ్యా బామ్మర్దీ, కింద అక్క స్టూలు పట్టుకుని, ఈయనగార్ని ఎక్కడికి తీసుకెళ్ళినా ఇదే గోల, ఇంకేం, రాసేశాడు, ఊడిన తీగ కనిపిస్తే ఊరకే దాటిపోలేని మనుషులు వాళ్ళు, అని, ఒళ్ళు జలదరించింది, దుఃఖంతో కాదు, వాక్యం కుదిరినందుకు, బావ అప్పటికి నిక్షేపంలా ఉన్నాడు.

అంతకు ముందురోజే అక్క ఫోన్ చేసింది, ఒరేయ్, మాటలతో తీర్చమనరా, తుపాకులొద్దని చెప్పరా, నీ మాట వింటారు కదా, అలాగేనక్కా, నా మీద వదిలెయ్, అన్నాడు, నిజంగానే మాటలు నడుస్తున్నాయి, సాయుధులు మెత్తబడ్డారు, లోపలికి మందులు పంపనిచ్చారు, ఇంకో వారం ఓపిక పడితే చాలు, లోపలున్నది తన బావేనని మాత్రం ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, చెబితే సమావేశంలోంచి లేపి బయట కూర్చోబెడతారు, ఆ కుర్చీ పోతుంది, మంగళవారం సైన్యాధికారి లోపలికి దూకితే గెలుపుకి సగం సగం అవకాశముందన్నాడు, పెద్దాయన గడ్డం గోక్కుంటూ, వికటిస్తే నా గతేం కాను, జనం ఉతికి ఆరేస్తారు, ఏదీ నీ రెండో కాగితం ఇటివ్వు, అని చదివి, మళ్ళీ చదివి, కళ్ళొత్తుకుని, అబ్బ, ఏం రాశావయ్యా, ఇది వింటే రాళ్ళేసేవాడు కూడా ఏడుస్తాడు, ఇంక భయమేముంది, కానివ్వండి, అన్నాడు, గదిలో అందరూ సలహాదారు వైపు తిరిగారు, ఆగండి అనడానికి అదే సమయం, మా బావ లోపలున్నాడండీ, మాట నాలిక చివరిదాకా వచ్చింది, పెద్దాయన భుజం తట్టాడు, మూడో వాక్యంలో ఒక్క మాట మారిస్తే ఇంకా బాగుంటుందండీ, అన్నాడు తాను.

ఫోన్ మోగుతోంది, అక్క, ఎత్తకపోతే ఏమవుతుంది, ఎత్తాడు, చూశాన్రా టీవీ, ఆ తీగ మాట నువ్వే రాశావు కదూ, మీ బావ సంగతి ఇంకెవరికి తెలుసు, పొద్దుట్నుంచి ఎవరేం చెప్పినా తలకెక్కలేదురా, ఆ ఒక్క మాట వినగానే ఆయన స్టూలు మీద నిలబడి కనిపించారు, ఎంత ఏడుస్తూ రాశావో నా తండ్రీ, ఏమైనా తిన్నావా, వార్త తెలియగానే కూర్చుని రాశావా, ఊఁ, అన్నాడు, ఇందులోనూ పాము చావలేదు, కర్ర విరగలేదు, ఆ కాగితం ఒకటి తెచ్చిపెట్టరా, దాచుకుంటాను, తెస్తానక్కా.

ప్రింటర్ గర్రుమంది, కాగితం వెచ్చగా చేతిలోకొచ్చింది, పైన కుడిమూల తేదీ, మంగళవారం, అమ్మో, అక్క కళ్ళజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివే మనిషి, మంగళవారం బావ బతికున్నాడు, బుధవారమూ బతికున్నాడు, లోపల ఏ ఊడిన తీగో చూసి కట్టేసిన చేతులతో గింజుకునుంటాడు, సలహాదారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు, కంప్యూటర్‌లో మంగళవారం తుడిచేసి గురువారం అని టైపు చేశాడు, సరిపోయింది, అనుకోగానే వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి, ఈ కాగితం ఇంత బాగా కుదరకపోతే పెద్దాయన భయపడేవాడు, భయపడుంటే ఇంకో వారం ఆగేవాడు, ఆగుంటే బావ ఇంటికొచ్చేవాడు, గురువారం అన్నది అబద్ధం, బావ పోయాడు కాబట్టి రాసింది కాదు ఇది, తాను రాశాడు కాబట్టి బావ పోయాడు.