గుడ్డల రాయబారం

కుక్కపిల్ల హాల్లో ఉచ్చ పోస్తే తుడవాల్సింది ఎవరని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగక్కర్లేకుండానే తేలిపోయే పనులు కొన్ని ఉంటాయి. అవన్నీ ఎలాగో ఆమె వాటాకే వస్తాయి. కుక్కపిల్లని తెచ్చింది భర్త. ఆఫీసులో ఎవరో ఊరికే ఇస్తానంటే, ఇంట్లో ఒక్క మాటైనా అడగకుండా చంకలో పెట్టుకుని వచ్చేశాడు. "చిన్నప్పటి నుంచీ నాకు కుక్కలంటే పిచ్చి," అన్నాడు. పిచ్చి ఆయనది, చాకిరీ ఆమెది. పొద్దున్నే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు తీసుకుంటాడు. అది ఆ ఒళ్లోనే కక్కుకుంటే "ఇదిగో, ఒకసారి ఇటు రా" అని పిలుస్తాడు.

ఇంట్లో అప్పటికే రెండు పిల్లులున్నాయి. చిన్నది వట్టి మొద్దు, ఎవరెత్తుకున్నా ఒళ్లు వదిలేస్తుంది. పెద్దదాన్ని ముసలమ్మ అంటారు. పెళ్లికి ముందు నుంచీ ఆమెతో ఉన్నది. పుట్టింటి నుంచి ఆమె పట్టుబట్టి తెచ్చుకున్నది అదొక్కటే. కుక్కపిల్ల గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర నుంచి ముసలమ్మ బీరువా ఎక్కి కూర్చుంది. తిండి మానేసింది. తిండి మానేసిన పిల్లి ఎక్కువ రోజులు నిలవదని ఆమెకు తెలుసు. ఆ మాటే భర్తతో అంటే, "ఆకలేస్తే అదే దిగుతుందిలే," అన్నాడు.

పశువుల డాక్టరమ్మ దారి చెప్పింది. "కుక్కపిల్లని కొన్నాళ్లు వెనకగదిలోనే ఉంచండి. ఒక గుడ్డతో దాని ఒళ్లు తుడిచి పిల్లుల పళ్లెం కింద వెయ్యండి. పిల్లుల్ని తుడిచిన గుడ్డ దీని పక్కలో వెయ్యండి. ముందు వాసనలు పరిచయం కానివ్వండి, మొహాలు తర్వాత చూసుకుంటాయి. పెద్ద పిల్లి ఒప్పుకునేదాకా తలుపు మాత్రం తెరవకండి."

ఆమె పాత దుప్పటి ఒకటి ముక్కలుగా చింపింది. పొద్దున పనికి వెళ్లేముందు, మళ్లీ సాయంత్రం రాగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా గుడ్డలు మార్చేది. రాత్రి కుక్కపిల్ల ఒంటరిగా ఏడుస్తుంటే వెనకగదిలో దాని పక్కనే పడుకునేది. అత్తగారు సోఫాలోంచి చూసి నవ్వేది. "మా కోడలు కుక్కకీ పిల్లికీ మధ్య రాయబారం నడుపుతోందమ్మా," అని ఫోన్లో చుట్టాలందరికీ చెప్పేది. ఆమె పనిచేసేది కట్టుడు పళ్లు తయారుచేసే చోట. కాస్త ముందుగా వెళ్తానని అడిగితే యజమాని, "పిల్లలున్నవాళ్లు కూడా ఇన్నిసార్లు అడగరు," అన్నాడు. పిల్లలు లేని మనిషికి ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో సరిగ్గా అక్కడే గుచ్చుకుంది. తలొంచుకుని మైనంలో పళ్లు పేర్చుకుంటూ కూర్చుంది.

అయినా రాయబారం ఫలించసాగింది. మొదట ముసలమ్మ ఆ గుడ్డని చూసి బుస్సుమంది. తర్వాత పళ్లెం అంచున ఒక ముద్ద లాక్కుని పారిపోయింది. ఒక పొద్దున ఏకంగా ఆ గుడ్డ మీదే ముందరికాళ్లు పెట్టి పళ్లెం ఖాళీ చేసింది. వంటింటి గుమ్మంలో నిలబడి అది చూసి ఆమె ఏడ్చింది. ఆ ఇంట్లో తను చేసిన పని ఒకటి ఫలించడం కళ్లారా చూసి ఎంత కాలమైందో. చెప్పుకోవడానికి ఎవరూ లేక, వెళ్లి కుక్కపిల్లకే చెప్పింది.

ఆ ఆదివారం పని ఎక్కువగా ఉందని యజమాని రమ్మన్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి హాలు నిండా భర్త స్నేహితులు. వెనకగది తలుపు బార్లా తెరిచి ఉంది. భర్త ఒళ్లో కుక్కపిల్ల, దాని ముక్కు మీద ఎర్రటి గీత.

"ఎన్నాళ్లీ నాటకాలు? ఎదురుపడితే అవే చూసుకుంటాయని బీరువా మీంచి దింపి దీని ముందు పెట్టాను. గీరేసింది. కన్ను పోయేది, తెలుసా?"

"ముసలమ్మ ఏది?"

"బాత్రూంలోకి విసిరేశాను."

ముసలమ్మ బకెట్టు వెనక తడిసి ముద్దయి ఉంది. వెనక కాలు నేలకి ఆనించడం లేదు. ఎత్తుకుంటే అరవనైనా లేదు. ఆ అరవకపోవడమే ఆమెను భయపెట్టింది. దాన్ని గుండెకి హత్తుకుని హాల్లోకి వస్తే స్నేహితులందరూ ఎవరి ప్లేట్లలోకి వాళ్లు చూసుకుంటున్నారు.

"రేపటికల్లా ఆ రెండిటినీ ఎవరికైనా ఇచ్చెయ్," అన్నాడు భర్త.

"ఇవి ముందు నుంచీ ఉన్నవి."

అత్తగారు అందుకుంది. "ముందు నుంచీ ఉన్నవే సర్దుకోవాలమ్మా. కొత్తగా వచ్చిన పసిదానికి ఏం తెలుస్తుంది?"

ఆమె ఉన్నచోటనే ఆగిపోయింది. ఇదే గొంతు. తను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, గది తలుపు వేసుకుని చదువుకోవడం ఇక్కడ కుదరదన్నప్పుడు, వానలో కూడా ముసలమ్మ బాల్కనీలోనే ఉండాలన్నప్పుడు ఇదే గొంతు, "కొత్తగా వచ్చినదానివి, నువ్వే సర్దుకోవాలి. పాతవాళ్లం మేమెలా మారతాం?" అంది. అది న్యాయమే అనుకుంది. కూరలో ఉప్పు దగ్గర నుంచి నవ్వే గొంతు దాకా అన్నీ తగ్గించుకుంది. ఇప్పుడు కొత్తది కుక్క, పాతది పిల్లి. న్యాయం మాత్రం పిల్లిమొగ్గ వేసింది. అంటే కొత్తా పాతా ఎప్పుడూ లెక్కలో లేవు, తన వైపుది ఏదైతే అదే సర్దుకోవాలి. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఒక పిల్లి కాలు విరగాల్సి వచ్చిందా అని ఆమెకు తన మీదే అసహ్యం వేసింది. కట్టుడు పళ్లు నొప్పి పెడితే అరగదీసేది పళ్లనే, చిగుళ్లని కాదు. రోజూ ఆ పనే చేస్తూ కూడా ఇన్నేళ్లూ చిగుళ్లే అరగదీసుకుంది.

బుట్టలో తువ్వాలు పరిచి ముసలమ్మను పడుకోబెట్టింది. చిన్నదాన్ని సంచిలో దించితే అలవాటుగా ఒళ్లు వదిలేసింది. ఇంకో సంచిలో తన బట్టలు కుక్కుకుంది. పనిలో తన పక్కన కూర్చునే ఆవిడకి ఫోన్ చేసి, పిల్లులతో వస్తున్నానని, కొన్నాళ్లు ఉంటానని చెప్పింది. "ముందు డాక్టరు దగ్గరికెళ్లు. తలుపు తీసే ఉంచుతా," అంది ఆవిడ, ఎందుకని అడగకుండా.

కుక్కపిల్ల ఒళ్లోంచి దూకి వచ్చి చెప్పు పట్టుకుని లాగింది, తోక ఊపుతూ. దాని తప్పేమీ లేదు. దాన్ని వీళ్ల చేతుల్లో వదిలేస్తున్నానని తెలిసి, వంగి దాని తల నిమిరింది. అయినా చెప్పు విడిపించుకుంది.

భర్తకి అప్పుడు అర్థమైంది. "మరి దీని సంగతి? రాత్రి నువ్వు పక్కన లేకపోతే ఇది పడుకోదు."

"మాకా, అలవాటు లేని పనాయె," అంది అత్తగారు.

ఆమె గుమ్మం దాటి, ఒక్క క్షణం వెనక్కి తిరిగింది.

"పాతవాళ్లు కదా అత్తయ్యా," అంది. "మీరే సర్దుకోండి."