అక్క గొంతూ, పలక అంచూ

మా ఆయన స్పీకర్లు బాగుచేస్తాడు. చిరిగిన కాగితం కోనులు అతికిస్తాడు, కాలిపోయిన కాయిళ్లు మళ్లీ చుడతాడు. షాపు వెనక గదిలో నేను బట్టలు కుడతాను. పరీక్ష కోసమంటూ ఆయన మోగించే గోలంతా ఇన్నేళ్లూ భరించింది నేనే. "ఇంత ఓర్చుకున్న చెవులకే ఈ గతి పట్టాలా?" అని డాక్టరు ముందే అనేశాను. డాక్టరు కాస్త నవ్వాడు గానీ, మా ఆయన నవ్వలేదు.

ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి నరం మీద గడ్డ పెరుగుతోందట. తీయకపోతే ప్రాణానికి ముప్పు, తీస్తే వినికిడి మీద ఆశ వదులుకోవాలి. డాక్టరు నసగకుండా చెప్పేశాడు. ఆపరేషను వచ్చే వారమే అన్నాడు.

తిరిగి వస్తూ బస్సులో మా ఆయన ఒకే మాట అడిగాడు.

"నీకేం వినాలనుంది?"

నోటికొచ్చింది చెప్పాను. "అక్క పాట."

అక్క పోయి చాలా కాలమైంది. వంటింట్లో నిలబడి పాడుతుంటే ఎవరో టేపు చేశారు. పాట మధ్యలో ఆపి, "ఒసేయ్ మొద్దూ, పాలు పొంగుతున్నాయే!" అని నా మీద అరుస్తుంది. నాకు పాటకన్నా ఆ అరుపే ఇష్టం.

"టేపులా కాదు. మీ అక్క గదిలో నిలబడి పాడినట్టే వినిపిస్తాను" అన్నాడు. మర్నాడే షాపు మూసేశాడు.

స్పీకరుకు పెట్టె వద్దన్నాడు. పెట్టెలో బిగిస్తే గొంతు పెట్టెలోంచే వచ్చినట్టు ఉంటుందట. ఉత్తి చెక్క పలకకు కన్నం కోసి స్పీకరు బిగిస్తే ముందుకీ వెనక్కీ హాయిగా మోగుతుందట. నాకున్నది ఒక్క చెవే కాబట్టి ఒక్క పలకే చాలు. "సగం పని తప్పించాను చూడండి" అన్నాను. అదీ ఆయన చెవిన పడలేదు.

మొదటి పలక గుండ్రంగా కోశాడు. సరిగ్గా నడిమధ్యన స్పీకరు. గోడకు తగిలించుకుందామా అన్నంత ముచ్చటగా ఉంది. అక్క పాట పెట్టాడు. గొంతు అక్కదే, కానీ కొన్ని స్వరాల దగ్గర ముక్కుతో పాడుతున్నట్టుంది.

"అక్కకు జలుబు చేసిందండీ" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. శబ్దం పలక మీదుగా పాకి అంచు దగ్గర చెదురుతుందట. అక్కణ్ణుంచి మళ్లీ బయల్దేరి, అసలు గొంతు వెనకాలే కాస్త ఆలస్యంగా చెవికి చేరుతుందట. పలక గుండ్రమైతే అన్ని అంచులూ ఒకే దూరం, ఆ చెదిరిన ముక్కలన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు మాత్రం ఆయన "మూలలుంటేనే తంటా అనుకున్నానే... అన్నీ సమానమైపోయాయి" అని తల పట్టుకుని, లేచి రంపం అందుకున్నాడు.

ఇక చూడండి నా అవస్థ. పొద్దున లేస్తే రంపం, తర్వాత చిత్రిక, ఆ తర్వాత గరుకు కాగితం. రెండో పలక ఏ రెండు వైపులూ ఒకేలా లేకుండా వంకరటింకరగా కోశాడు, కన్నం ఓ పక్కకు జరిపాడు. అంచులకు లావు చెక్క అంటించి గుండ్రంగా నున్నగా అరగదీస్తూ కూర్చున్నాడు. కన్నం చుట్టూ అంటించడానికి మందపాటి ఫెల్టు గుడ్డ ఆయన గీసిచ్చినట్టల్లా నేను కత్తిరించాను. కొలతలు కూడా సైగలతోనే. ఆయన మూతికి గుడ్డ, చెవులకు దూది. పిలిస్తే పలకడు. అన్నం ముందు కూర్చున్నా చూపు పలక మీదే.

లేవగానే చెవి పక్కన వేళ్లు రుద్దుకుని చూసుకునేదాన్ని, ఇంకా వినబడుతోందా అని. కుళాయి చప్పుడు, కుట్టుమిషను చప్పుడు, వీధిలో ఎవరో ఎవరినో తిట్టడం, అన్నీ ఆబగా వినేదాన్ని. భయమేస్తోందండీ అని చెబుదామని వెళితే గది నిండా రంపపు పొట్టు, రొద.

ఆస్పత్రిలో చేరాల్సిన ముందు రోజు మధ్యాహ్నం, సంచి సర్దేశాక, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టాడు.

అక్క వచ్చింది. కిటికీకీ బల్లకీ మధ్య నిలబడింది. పలక కళ్లెదుటే ఉన్నా అది పాడుతున్నట్టే లేదు. "ఒసేయ్ మొద్దూ!" అనగానే నేను సగం లేచాను, పొయ్యి ఎటుందా అని వెతుక్కుంటూ. ఏడుపు ఆగలేదు.

ఆయన నా వైపు చూడనే లేదు. తల పక్కకు వంచి వింటున్నాడు.

"ఇంకా ఉంది. ఆ పై అంచు కొంచెం పలుకుతోంది."

"చాలండీ. ఎంతో బాగుంది."

"ఒక్క క్షణం ఆగు."

పాట అలా నడుస్తుండగానే అలవాటుగా మళ్లీ చెవుల్లో దూది కుక్కుకుని, గరుకు కాగితం తీసుకుని పలక పక్కన చతికిలబడ్డాడు. అక్క గొంతు మీద బరబరమని రుద్దుడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం లాక్కుని అవతల పారేద్దామని లేచి ఆయన పక్కకు వెళ్లాను.

పలక అంచుకు తిన్నగా వచ్చేసరికి అక్క మాయమైంది. గోడలకు తగిలి వచ్చేది ఏదో సన్నగా ఉంది, అంతే. అక్కడ మాత్రం ఆయన వినబడ్డాడు. ఊపిరి తీస్తే చిన్నగా ఈల వేసే ఆ ముక్కు, నోట్లో నోట్లోనే గొణుగుడు. "ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం..." అని చెక్కను బతిమాలుకుంటున్నాడు. ఆ గొంతు ఇంత దగ్గరగా విని వారమైంది. ఇక మిగిలింది ఈ పూటే.

"ఏం మనిషండీ మీరు!" అని అరిచాను. "ఏం వినాలనుందని అడిగితే అక్క పాట అన్నాను. మీ గొంతు వినాలనుందని బస్సులో చెబుతారా ఎవరైనా? ఈ వారమంతా నాకు ఈ గరుకు కాగితం వినిపించారు!"

ఆయన చేతిలోది జారిపోయింది. చెవుల్లో దూది తీశాడు.

"నోరు తెరిస్తే ఏడ్చేస్తానేమోనని" అన్నాడు.

"ఏడవండి. అది కూడా విననివ్వండి."

ఏడవలేకపోయాడు. "ఏం మాట్లాడనే?" అన్నాడు దిక్కుతోచక. నేను కింద కూర్చుని కుడి చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"ఇక్కడ అక్క ఎందుకు వినబడట్లేదో చెప్పండి."

గొంతు సవరించుకున్నాడు. "పలక ముందుకెళ్లే శబ్దం, వెనక్కెళ్లే శబ్దం... రెండూ ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి. పక్కకొచ్చేసరికి కలిసి రెండూ చచ్చిపోతాయి. అందుకని ఇక్కడ ఏమీ ఉండదు" అన్నాడు. తర్వాత అంచుల గురించి చెప్పాడు. ఫెల్టు ఎందుకో, వంకరగా కోయడం ఎందుకో, గుండ్రటి పలకతో ఎలా మోసపోయాడో చెప్పాడు. మధ్యమధ్య గొంతు బొంగురుపోయింది. అవతల అక్క ఖాళీ కుర్చీకి పాడుతోంది. పాలు పొంగుతున్నాయని మళ్లీ అరిచే ఉంటుంది. నేను తల తిప్పలేదు.

"అర్థమైందా?" అన్నాడు చివరికి.

అంతా అర్థమైంది.

"లేదండీ. మళ్లీ చెప్పండి" అన్నాను.

కళ్లు తుడుచుకుని, మొదటినుంచి మొదలుపెట్టాడు.